ఇద్దరూ కూర్చున్నాకే బిగించాలి

"వస్తాడంట. గాని నీతో మాట్లాడడంట," అంది మా ఆవిడ దుర్గ, పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన సంచులు ఇంకా చేతిలో ఉండగానే.

నేను షెడ్డులో కూర్చుని పాత కాంటెస్సా కారు యాక్సిల్ మీద తుప్పు గీకుతున్నాను. వైరు బ్రష్షు ఆపలేదు. ఆపితే నా మొహం చూస్తుంది.

"మాట్లాడకండా పనెలా సేత్తాడు?"

"నాకు సెప్తాడంట. నాను నీకు సెప్పాలంట. జయశీల ఒదినే అంది. నాకేటి తెలుసయ్యా మీ బోల్టులూ బుష్షులూ! ముసలోళ్లయిపోనారు, ఇద్దరికీ సిగ్గునేదు."

సంచులు తీసుకుని లోపలికి పోయింది. నేను ఇంకో అరగంట గీకాను. అప్పటికి అక్కడ తుప్పేమీ మిగల్లేదు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన నాది మెకానిక్ షెడ్డు. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు పడేసి పానా పట్టుకున్నాను, ఇప్పుడు యాభై మూడు. ఈ రోజుల్లో బళ్ళకి జబ్బు వస్తే కంప్యూటరు తగిలించి చూస్తారు. నా దగ్గరికొచ్చేవి కంప్యూటర్ లేని ముసలి బళ్ళు, వాటి ముసలి ఓనర్లు. "రమణమూర్తికి నోరెక్కువ" అని అందరూ అంటారు. ఎక్కువే. ఆ నోటివల్లే ఈ కథ.

నాతో మాట్లాడనన్నది దయానందం, జయశీల మొగుడు. వెల్డరు. ఒకప్పుడు మా వెనక వీధే. వాళ్ళు చర్చికి పోతారు, మేం గుడికి పోతాం. అయినా నాకు పదహారేళ్ళప్పటి నుంచి వాడు నాకు బావ, నేను వాడికి బావ. వాడు ఐటీఐ చదివాడు, కాగితం మీద గీతలు గీసి కొలతలు వేయగలడు. ఒకసారి ఏదో పాత పత్రికలో పైకప్పు లేని రెండు సీట్ల కారు బొమ్మ చూసి నాకు చూపించాడు.

"బావా, ఇదంతా సదరపు పైపులేరా. మనం సేసే గేటే, ఇంకొంచెం కట్టపడితే కారైపోద్ది."

అలా మొదలైంది. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచొక్కా విప్పి మేకుకి తగిలించి పనిలోకి దిగేవాడు. ఆరేళ్ళ ఆదివారాలు. ఛాసిస్ వాడు కట్టాడు, జిప్సీ ఇంజను నేను దించాను. వెనకకి ఒక అంబాసిడర్ ట్యాక్సీ యాక్సిల్ తెచ్చి, దాన్ని నాలుగు లింకు రాడ్లతో ఛాసిస్‌కి పట్టించాం. రాడ్డు ముందొక బుష్షు, వెనకొక బుష్షు. మొత్తం ఎనిమిది బోల్టులు.

ఆ ఎనిమిది బోల్టుల గురించి చెప్పాలి. బుష్షంటే ఇనప గొట్టంలో రబ్బరు. బోల్టు బిగించేటప్పుడు అది ఎలా ఉందో అదే దానికి సుఖం. అందుకని బండిని నేల మీద నిలబెట్టి, ఎక్కాల్సిన మనుషుల్ని ఎక్కించి, బరువుకి వెనక భాగం దిగాకే బిగించాలి. జాకీల మీద గాల్లో వేలాడుతున్నప్పుడు బిగించామా, కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగిపోతుంది. ఆ మెలితోనే ప్రతి గోతిలోనూ పడి లేచి, చివరికి తెగుతుంది.

ఇది నాకు తెలియక కాదు. దయానందం కూడా చెప్పాడు. "బావా, ఇద్దరం కూకున్నాకే బిగించాల."

కాని మా అమ్మ సన్యాసమ్మ ఒప్పుకోలేదు. "కొబ్బరికాయ కొట్టకండా, సక్రాల కింద నిమ్మకాయలెట్టకండా కొత్త బండిలో మనిసి కూకుంటాడేట్రా? ఆ బండి మనిసిని అడుగుద్ది." దసరాకి పూజ. పూజకి బండి నడవాలి. నడవాలంటే బోల్టులు బిగించాలి. బిగించాలంటే మనిషి కూర్చోవాలి. కూర్చోవాలంటే పూజ అవ్వాలి. ముందు రోజు దయానందం పనికెళ్ళాడు. నేను ఒక్కణ్ణే, ఖాళీ బండిని జాకీల మీద ఉంచే, ఎనిమిదీ బిగించేశాను. సాయంత్రం వాడొచ్చి అడిగితే "అయిపోనాది బావా" అన్నాను. ఎలా అయిందో వాడడగలేదు. నా మీద నమ్మకం.

అది హుద్‌హుద్ వచ్చిన ఏడాది. తుపానుకి పది రోజుల ముందు దసరా.

రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కదు కదా. పెందుర్తి అవతల ఒక లేఅవుట్ ఉంది. తారు రోడ్లు వేసి, రాళ్ళు పాతి, ఇళ్ళు లేకుండా వదిలేశారు. ట్రాలీ మీద అక్కడికి తీసుకెళ్ళి నాలుగు రోజులు నడిపాం. ఆ నాలుగు రోజులూ వాడు పక్క సీట్లో కూర్చుని, గాలికి కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే, ఏదో ఒకటి అరుస్తూనే ఉన్నాడు. సగం వినబడేది కాదు. వినబడకపోయినా నేను "అవున్రా బావా" అనేవాణ్ణి.

నాలుగో రోజు మలుపులో వెనక భాగం పక్కకి లాగేసింది. బండి తిరిగి, వాడి వైపు రాయికి కొట్టుకుంది. వాడు బయటికి పడిపోయాడు. వాడి ఎడమ భుజం ఎముక విరిగింది. నాకు గీతైనా పడలేదు.

మర్నాడు నూకాలు టీ కొట్టు దగ్గర పదిమంది చుట్టూ మూగి, ఏటైంది, ఏటైంది అని అడిగారు. "ఏటవుద్ది. బావ యెల్డింగ్ ఊడిపోనాది," అన్నాను.

ఎందుకన్నానంటే, నోట్లోంచి వచ్చేసింది. అదే నా జవాబు, పదకొండేళ్ళుగా అదే. ఆ పదిమందిలో ఓడల పని చేసే ఒక కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఉన్నాడు. వచ్చే నెల వాళ్ళ దగ్గర దయానందానికి వెల్డింగ్ టెస్టు. చెయ్యి బాగయ్యాక వాడు వెళ్తే, మనుషులు సరిపోయారన్నారంట.

వాడు చేతిని మెడకి వేలాడేసిన కట్టుతో షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా యెల్డింగ్ ఊడిపోనాదా?"

"మరేటి?" అన్నాను.

ఇంకో మాట అడుగుతాడనుకున్నాను. వెళ్ళిపోయాడు. మరి నాలుగు రోజులకి తుపానొచ్చి నా షెడ్డు రేకులన్నీ లేచిపోయాయి. కంచరపాలెమంతా ఒకళ్ళ రేకులు ఒకళ్ళు ఏరుకుంటున్నారు. వాడు మాత్రం రాలేదు. తర్వాత పెందుర్తికి మారిపోయి, కిటికీలకి గ్రిల్స్ చేసుకుంటున్నాడని విన్నాను. ఓడకి అతుకు వేయాల్సిన చెయ్యి.

రేకులు వేసుకున్నాక బండి కిందికి దూరి, లింకు రాడ్డుని ఛాసిస్‌కి పట్టే బ్రాకెట్ దగ్గర బోల్టు విప్పాను. వెల్డింగ్ చేప పొలుసుల్లా వరసగా, ఎక్కడిదక్కడే ఉంది. చిరిగింది దాని పక్క రేకు. రబ్బరు పిండిన గుడ్డలా మెలిపడి తెగిపోయి ఉంది. చూశాను. బండి మీద టార్పాలిన్ కప్పేశాను.

కిందటేడు అమ్మ పోయింది. తర్వాత పెందుర్తి రోడ్డులో ఒక తుక్కు కొట్టులో కాంటెస్సా కనబడింది. పైనంతా తుప్పు తినేసినా కింద యాక్సిల్, నాలుగు లింకులు, రెండు కాయిల్ స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. అంత పెద్ద కారుని మోసిన వెనక భాగం మన గేటు కారుని మోయలేదా అనిపించింది. కొన్నాను. బ్రాకెట్లకి ఇంకో వెల్డర్ని పిలిచాను. వాడు ఫోన్‌లో పాటలు వింటూ అతికాడు. సుత్తితో ఒక్కటిస్తే ఊడి నా కాలి మీద పడింది. ఆ రోజే దుర్గతో అన్నాను, "జయశీల మార్కెట్లో కనబడితే ఒక మాటడుగు" అని.

నిజం చెప్పాలంటే వెల్డర్లు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు. వాడు వంగి అతుకు వేస్తుంటే రాడ్డు కదలకుండా పట్టుకోవాలని నాకుంది. మొహం పక్కకి తిప్పుకుని, నిప్పు రవ్వలు చేతి మీద పడుతుంటే, "కదపకు బావా" అని వాడు తిడుతుంటే.

ఆదివారం పన్నెండింటికి స్కూటర్ మీద వచ్చాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. తెల్లచొక్కా విప్పి, మేకు కోసం గోడ వైపు చూశాడు. ఆ గోడ తుపానులో పడిపోయింది, ఇప్పుడున్నది కొత్తది. చొక్కా మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాడు.

"దుర్గమ్మా, బండిని లెవెల్‌గా ఎట్టమను. ఈ పక్క అరంగుళం దిగుంది."

నేను వాడికి రెండడుగుల దూరంలో ఉన్నాను.

"లెవెల్‌గా ఎట్టమంతన్నాడు," అంది దుర్గ.

"ఇనబడింది."

"ఇనబడితే మరి నానెందుకిక్కడ? పొయ్యి మీద కూరుంది!"

"ఉండమ్మా, సెల్లివి కదా. కూర మాడితే ఆయన తింటాడు," అన్నాడు దయానందం.

దుర్గ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్ళ తర్వాత నా షెడ్డులో వాడి జోకు పేలింది, అదీ నా మీదే. అయినా హాయిగానే ఉంది.

అలా మూడు ఆదివారాలు. వాడు కొలిచి సుద్దతో గీతలు గీస్తాడు, నేను కోస్తాను, దుర్గ మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు వేస్తుంది. ఎడమ చెయ్యి భుజం కంటే పైకి లేవదు వాడికి. రాడ్డు పట్టుకోడానికి నేను ముందుకెళ్తే, "క్లాంప్ ఎట్టమను, సాలు," అన్నాడు. క్లాంపులు పెట్టాను. మొహానికి అద్దం పెట్టుకుని అతుకు వేశాడు. నేను దూరంగా నిలబడి, గోడ మీద వెలుగు ఆరడం, రావడం చూశాను.

ఎనిమిది బ్రాకెట్లూ అయ్యాక అద్దం తీసి చెమట తుడుచుకున్నాడు.

"దుర్గమ్మా, పెద్ద సుత్తి తీసుకుని ఆయన్ని కొట్టమను."

"ఎవల్నన్నయ్యా?"

"అతుకుల్నమ్మా! ఒక్కోదాన్ని మూడేసి దెబ్బలు. ఊడితే నానుండగానే ఊడాల."

దుర్గ నాకేమీ చెప్పలేదు. చెప్పనవసరం లేదు. సుత్తి తీసుకున్నాను. ఇరవై నాలుగు దెబ్బలు. మొదట మెల్లిగా కొట్టాను. "గట్టిగా కొట్టమను. అన్నం తిననేదా?" అన్నాడు. గట్టిగా కొట్టాను. ఒక్కటీ కదల్లేదు. నా మోచేతులు మాత్రం అదిరిపోయాయి. వాడు చేతులు కట్టుకుని చివరి దెబ్బదాకా చూశాడు. అతుకుల్ని కాదు, నన్ను.

స్ప్రింగులు పెట్టి దించితే ఇంకో తంటా. కాంటెస్సా అంత బరువు మా బండికెక్కడిది? ముందు వంగి వెనక లేచి నిలబడింది.

"ఇది కారా, మేకా?" అన్నాడు. "అడుగమ్మా ఆయన్ని. గడ్డి పెడతాడేమో."

స్ప్రింగుని చుట్టున్నర కోయాలన్నాడు. గ్యాస్‌తో కోస్తే వేడికి స్ప్రింగు చచ్చిపోతుంది, కటింగ్ వీలుతోనే కోయాలని చెప్పి పంపాడు. నలభై ఏళ్ళు పానా పట్టిన నాకు. సరే అన్నాను. మూడో ఆదివారానికి బండి తిన్నగా కూర్చుంది.

మిగిలింది ఎనిమిది బోల్టులు బిగించడమే.

షెడ్డులో బండి కింద పనికి తవ్వుకున్న గుంత మీద బండి నిలబెట్టాం. నేను టార్క్ రెంచి తీసుకుని గుంతలోకి దిగబోయాను.

"ఆయన దిగొద్దు."

ఆగాను.

"ఈసారి ఆయన సెయ్యి ఆ బోల్టుల మీద పడకూడదు. నా సెయ్యి పైకి లెగదు. నువ్వు దిగమ్మా."

"నానా! ఓలమ్మో, నానేటి గుంతలోకి దిగడమేటి?"

"టిక్కుమని సప్పుడొచ్చీదాకా తిప్పడమే. సప్పుడొచ్చాక ఆపీడం. రుబ్బురోలు కంటే సులువు. నడిపీవోడు నడిపీ సీట్లో కూకుంటాడు. నాను పక్కన కూకుంటాను. బరువు దిగాల కదా."

దుర్గ తిట్టుకుంటూ చీర పైకి దోపుకుని రెంచి పట్టుకుని దిగింది. నేను స్టీరింగ్ వెనక దూరాను. వాడు కుడిచెయ్యి ఆనుకుని, ఎడమ చెయ్యి దగ్గరికి పెట్టుకుని, మెల్లిగా పక్క సీట్లోకి దిగాడు. బండి వెనక భాగం ఒకసారి మూలిగి రెండంగుళాలు కిందికి కూర్చుంది.

ఆ బండి వెడల్పు వాడే గీశాడు, మేమిద్దరం సన్నగా ఉన్నప్పుడు. ఇప్పుడు భుజం భుజం ఒరుసుకుంటోంది. వాడి దగ్గర అదే కాలిన ఇనుము వాసన, చర్చికి రాసుకున్న పౌడరు వాసన. ఎదురుగా గోడ. ఇద్దరం గోడనే చూస్తున్నాం.

కింద నుంచి టిక్కుమంది. "ఒకటి!" అని అరిచింది దుర్గ.

రెండు. మూడు. నాలుగోది అవుతుండగా నా గొంతు దానంతటదే పలికింది.

"యెల్డింగ్ ఊడనేదురా. నానే. ఖాళీ బండిని జాకీల మీదెట్టి బిగించీసినాను. అమ్మ కూకోవొద్దంది. నీకు సెప్పనేదు."

టిక్కుమంది. దుర్గ "నాలుగు" అనలేదు.

"తెలుసు," అన్నాడు. గోడ వైపే చూస్తూ, కాని నాకే. దుర్గ మధ్యలో లేకుండా. "పడిపోయి రాయి పక్కన తొంగున్నాను కదా, బండి కింద నా కంటికెదురుగానే ఉంది. అతుకు అతుకులాగే ఉంది. రబ్బరు సూసినాను. అప్పుడే తెలుసు."

"మరి అడగనేదేం?"

"అడిగినాను కదేటి. కట్టుతో వొచ్చి అడిగినాను. నువ్వు మరేటి అన్నావు."

నేనేమన్నా బాగుండదు. అయినా అన్నాను. "తప్పయిపోనాది బావా."

"నువ్వు ఆ మాటన్నది ఇక్కడ కాదు. నూకాలు కొట్టుకాడ, పదిమందిలో. ఇక్కడ సెప్తే ఎవలికి ఇనబడుద్ది, దుర్గమ్మకా?" కిందికి వంగి, "కానియ్యమ్మా, ఇంకా నాలుగున్నాయి," అన్నాడు.

ఎనిమిదీ అయ్యాక లేచాడు. వాడు దిగగానే ఆ వైపు పైకి లేచింది. చొక్కా వేసుకుని, దుర్గకి చెప్పి, స్కూటరెక్కాడు. నాకేమీ చెప్పలేదు.

దుర్గ గుంతలోంచి పైకొచ్చింది. చేతులనిండా గ్రీజు. పదకొండేళ్ళు తనతో కూడా అబద్ధమే చెప్పాను. నన్ను చూసి ఏమైనా అంటుందనుకున్నాను. "కూర ఏడి సేసుకుని తిను," అని స్నానానికి పోయింది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి నూకాలు కొట్టుకెళ్ళాను. నూకాలు పోయి మూడేళ్ళయింది. కొడుకు నడుపుతున్నాడు, పైన పెద్ద ఫ్లెక్సీ, అల్లం టీ, బెల్లం టీ. ఆ రోజు విన్నవాళ్ళలో ఒక్కడూ లేడు. ఇద్దరు చచ్చిపోయారని తెలుసు. సూపర్‌వైజర్ ఎక్కడున్నాడో తెలీదు. బెంచీ మీద ఇద్దరు ఆటోవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకామె ఫ్లాస్కులో టీ పోయించుకుంటోంది.

మధ్యలో నిలబడి గట్టిగానే చెప్పాను. "పదకొండేళ్ళ కిందట ఇక్కడే ఒక మాటన్నాను. దయానందం యెల్డింగ్ ఊడిపోనాదని. అది అబద్దం. బోల్టులు నానే తప్పుగా బిగించినాను. ఆడి అతుకు ఇప్పటికీ ఊడనేదు."

ఆటోవాడు తలెత్తి, "ఏ బండికి మావా?" అన్నాడు.

రెండోవాడు, "పొద్దున్నే మందేసీసినాడు," అన్నాడు.

నూకాలు కొడుకు టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఆ ఆమె మాత్రం ఫ్లాస్కు మూత బిగిస్తూ నా వైపు చూసింది. "పాపం," అని పోయింది.

అక్కడ నిలబడే ఫోన్ చేశాను. ఎత్తాడు.

"సెప్పినాను."

"ఎవలున్నారు?"

"పాతోళ్లు ఎవలూ నేరు. నూకాలు కొడుకున్నాడు. ఇద్దరు ఆటోవోళ్లు. ఒకామె."

అవతల ఎక్కడో కటింగ్ మిషను తిరుగుతోంది.

"ఏటన్నారు?"

"ఆమె పాపమంది."

"ఎవల్ని?"

"నిన్నే అయ్యుంటుంది."

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"కొత్త బుష్షులు సర్దుకుంటాయి," అన్నాడు. "యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాల. బరువుతోనే. యాభై కంటే ముందు కాదు."

"ఎవలు కూకుంటారు?"

"ముందు తిప్పు," అని పెట్టేశాడు. బావ అనలేదు. దుర్గమ్మకి సెప్పు అని కూడా అనలేదు.

ట్రాలీ మాట్లాడుకుని అదే రోజు బండిని లేఅవుట్‌కి తీసుకెళ్ళాను. పదకొండేళ్ళయినా అక్కడ ఒక్క ఇల్లు లేవలేదు. రాళ్ళ మధ్య గడ్డి పెరిగింది. చుట్టూ ఒక రౌండు రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఇరవై ఏడు రౌండ్లు తిరగాలి. మీటరు లేదు కాబట్టి డ్యాష్‌బోర్డు మీద సుద్దతో గీతలు పెట్టుకుంటున్నాను. వెనక భాగం మలుపులో ఎంత బుద్ధిగా నిలబడుతోందంటే, పక్కన ఎవరైనా ఉంటే అరిచి చెప్పేవాణ్ణి.

మధ్యాహ్నం మేకలు కాసే గంగాలమ్మ అనే ఆమె రోడ్డుకి అడ్డంగా నిలబడి బండి ఆపింది.

"ఏటి బావూ, పొద్దుటి నుంచి తిరిగిందే తిరుగుతున్నావు? దారి తప్పినావా?"

"నేదమ్మా. ఇంకా ఎనిమిది రౌండ్లున్నాయి."

"ఎనిమిదీ అయితే ఏటవుద్ది?"

"బోల్టులు బిగించాల."

"అదేదో ఇప్పుడే బిగించీసుకోరాదా, ఎండలో ఈ తిరుగుడెందుకు?"

"మనిసి రావాలమ్మా," అన్నాను.

ఆమె ఖాళీ సీటు వైపోసారి చూసి, మేకల్ని పక్కకి తోలింది. క్లచ్ వదిలాను.